మా తోడికోడలి కారు మీటరు

ఏడుగురం ఉండే ఇంటికి రెండే సీట్లున్న కారు వచ్చింది.

తెచ్చింది మా తోడికోడలు. మా మరిది బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, అదే ఆఫీసులో పనిచేసే బళ్ళారి అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. కొన్నాళ్ళకు ఇంటి దగ్గర నుంచే పని చేసుకోవచ్చని ఆఫీసువాళ్ళు ఒప్పుకోవడంతో ఇద్దరూ ఆదోనికి వచ్చేశారు. సామాను లారీలో వచ్చింది. మరిది లారీ డ్రైవరు పక్కన కూర్చుని వచ్చాడు. ఆ అమ్మాయి మాత్రం లారీ వెనకాలే వేపాకు రంగు కారు తోలుకుంటూ వచ్చింది. గుడ్డ టాపు వెనక్కి మడిచి ఉంది. కళ్ళకు నల్లద్దాలు, తలకు చున్నీ. కారు ఎంత కిందికి ఉందంటే ఎదురింటి అరుగు మీద కూర్చున్నవాళ్ళు వంగి చూడాల్సి వచ్చింది.

ఆ కారు వాళ్ళ నాయనది. ఆయనకు బళ్ళారిలో మోటారు షెడ్డు ఉండేది. ఎవరో మూల పడేసిన పాత స్పోర్ట్స్ కారును తెచ్చుకుని, ఒక్కో సామాను వెతికి బిగిస్తూ కొన్నేళ్ళకు రోడ్డెక్కించాడట. ఆయన పోయాక కారు కూతురికి వచ్చింది.

మొదటి రోజే మా అత్తమ్మ ఆ కారులో కూర్చుంది. ఇంట్లోంచి గుడికి ఆటోలో పోవాలన్నా నడుము నొప్పంటుందే, అటువంటి మనిషి చీర కుచ్చెళ్ళు పట్టుకుని, కాళ్ళు ముందుకు చాపి, దాదాపు నేల మీద కూర్చున్నట్టు ఆ సీట్లో కూర్చుంది. ఇద్దరూ మార్కెట్ యార్డు దాకా పోయి వచ్చారు. దిగేటప్పుడు చెయ్యి పట్టుకుని లేపాల్సి వచ్చింది. అయినా నవ్వుతోంది.

"మొగమంతా గాలి తగిలిందే పాపా," అంది చిన్నకోడలితో.

పాపా! నేను ఆ ఇంటికి వచ్చిన ఇన్నేళ్ళలో నన్ను పిలిచింది "ఏమే" అనే. మంచిగా ఉన్నప్పుడు "ఏమే", కోపమొచ్చినప్పుడు కూడా "ఏమే".

ఆ తరువాత వారాల్లో ఆ రెండో సీటులో అందరూ కూర్చున్నారు. మా ఆయనను ఒకరోజు పత్తి మార్కెట్ దగ్గర దింపింది. ఆ రోజంతా దళారీలు, హమాలీలు తన చుట్టూ చేరి కారు గురించే అడిగారని రాత్రి అన్నం తింటూ చెప్పాడు. మా పిల్లలిద్దరినీ వంతులేసి తిప్పింది. పక్కింటి సాయిబుల అవ్వను కంటాసుపత్రికి కూడా తీసుకుపోయింది. నేను మాత్రం కూర్చోలేదు. ఆ అమ్మాయి రమ్మనలేదని కాదు. "అక్కా, ఒక రౌండ్ పోదామా?" అని వచ్చిన కొత్తలో రెండుమూడుసార్లు అడిగింది. పొయ్యి మీద పప్పు ఉందనో, జాకెట్టు అర్జెంటుగా ఇవ్వాలనో చెప్పాను. గట్టిగా చెయ్యి పట్టుకుని లాక్కుపోతుందేమో అనుకున్నాను. "సరేలే అక్కా" అని పోయేది. తరువాత అడగడం మానేసింది.

నేను ఎమ్మిగనూరు మగ్గాల ఇంటి పిల్లను. పెళ్ళయి ఆదోని వచ్చాక కుట్టు నేర్చుకున్నాను. ముందు గదిలో కిటికీ పక్కన నా మిషను. వీధిలో సగం మంది జాకెట్లు నేనే కుడతాను. మిషను మొరాయిస్తే ఎవరినీ పిలవను. నేనే విప్పి, ఇరుక్కున్న దారపు ముక్కలు లాగి, నూనె వేసి, బిగించుకుంటాను. నా కిటికీలోంచి చూస్తే మా ఇంటి ముందున్న రేకుల పంచ కనిపిస్తుంది. సరిగ్గా అక్కడే ఆ కారు పెట్టారు. అందుకని నేను తలెత్తినప్పుడల్లా అదే కనిపించేది.

ఎండలు ముదిరే రోజుల్లో కారు మీటరు ఆగిపోయింది. వేగం చూపించే ముల్లు బాగానే ఉంది. దాని కింద చిన్న కిటికీలో ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూపే అంకెల చక్రాలు ఉంటాయే, అవి కదలడం మానేశాయి. నందవరం దాకా పోయి వచ్చినా అదే అంకె. మా మరిది, "ఆగిపోతే ఆగిపోనీ, బండి నడుస్తాంది కదా" అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు.

"ఎంత తిరిగిందో తెలీకుంటే ఆయిలు ఎప్పుడు మార్చల్లో ఎట్ల తెలుస్తాది? మా నాయన దీనికి అంత చేసినాడు. నేను గుడ్డిగా తోలలేను."

మా వీధి చివర ఉండే మెకానిక్ అన్నను పిలిపించింది. ఆయన తల కారులోకి పెట్టి, టార్చి వేసి అంతా చూశాడు. "అమ్మా, ఈ మాదిరి బండి నేనెప్పుడూ విప్పలేదు. విప్పుతా గానీ, మళ్ళీ సరిగ్గా కూర్చుంటాదని మాట ఇయ్యలేను. బెంగుళూరులో సూపించుకో," అన్నాడు. ఉన్నమాట చెప్పాడు, మంచివాడు.

ఆ సాయంత్రమే ఆమె నిర్ణయించేసుకుంది. తానే విప్పుతానంది.

ఆదివారం పొద్దున్నే ఉగ్గాని తిని, జుట్టు ముడి వేసుకుని, పాత ప్యాంటు చొక్కాతో పంచలోకి వెళ్ళింది. ముందు బ్యాటరీ వైరు తీసేసింది. స్టీరింగు వెనకాల ఉండే మూతకు స్క్రూలు విప్పి, ఒక్కోదాన్నీ గుడ్డ మీద వరసగా పెట్టింది. తీసిన ప్రతిదానికీ ఫోనులో ఫోటో. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. కాలు మిషను తొక్కుతోంది, కళ్ళు మాత్రం అక్కడే.

కాసేపటికి మా అత్తమ్మ కుర్చీ తీసుకుని బయటికి వచ్చింది. చేటలో శనక్కాయలు పెట్టుకుని, కారు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. ఒలుస్తూ, చూస్తూ, అడుగుతోంది.

"అదేంది పాపా, పొట్టలోంచి పేగులు తీసినట్ల తీస్తాండావు?"

"వైర్లు అత్తమ్మా. ఇది మీటరుది, ఇది లైట్లది."

"అన్నీ మళ్ళా యాడివి ఆడ పెడతావా?"

"పెడతా. అందుకే ఫోటోలు."

"తెలివిగల్లదానివి," అంది మా అత్తమ్మ.

మిషను సూది విరిగింది. నేను చూడకుండా గుడ్డ లాగినట్టున్నాను.

కొత్త సూది వేసుకుంటూ ఆలోచించాను. ఎన్నోసార్లు ఈ మిషను ఇలాగే విప్పి నేల మీద పరిచి, నూనె చేతులతో గంటలు గంటలు కూర్చున్నాను. ఏ ఒక్కసారైనా అత్తమ్మ కుర్చీ తెచ్చుకుని నా పక్కన కూర్చుందా? "ఎప్పుడయితాది? వంట ఎప్పుడు?" అని గడప దగ్గర నిలబడి అడిగింది, అంతే. ఆ అమ్మాయి మీద కోపమంటే కోపం కూడా కాదు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. పైగా నా పిల్లలకు లెక్కలు చెబుతుంది. ఆమెలో ఏదైనా తప్పు ఉంటే బాగుండేదని మాత్రం అనిపించేది. తప్పు దొరికితే తేలిగ్గా ఉండేది.

అంతలో ఆమె వంటింట్లోకి పోయి రెండు చిన్న చెంచాలు తీసుకుంది. నన్ను అడగలేదు. మా అమ్మ నా పెళ్ళికి ఇచ్చిన స్టీలు చెంచాలవి.

"అవి ఎందుకు?" అన్నాను కిటికీలోంచి.

"ముల్లు పీకేకి అక్కా. చేత్తో లాగితే విరిగిపోతాది. రెండు చెంచాలు అటొకటి ఇటొకటి కింద పెట్టి మెల్లగా లేపితే ఊడొస్తాది. మళ్ళీ కడిగి పెట్టేస్తాలే."

ముల్లు సున్నా దగ్గర ఎక్కడ నిలిచిందో దాని మీద చిన్న కాగితం ముక్క అతికించి గుర్తు పెట్టుకుంది. చెంచాలు కింద దూర్చి లేపింది. ముల్లు టక్కుమని ఊడి వచ్చింది. మా అత్తమ్మ చప్పట్లు కొట్టింది. నిజంగానే కొట్టింది. చేటలోని శనక్కాయలు కింద పడ్డాయి.

లోపల అంకెల చక్రాలను తిప్పే ప్లాస్టిక్ పళ్ళ చక్రం ఒకటి ఉంది. గోరంత. దాని పళ్ళు ముసలివాళ్ళ పళ్ళలా రాలిపోయి, ముక్కలు డబ్బాలో గలగలమంటున్నాయి. ఆమె ఆ ముక్కలను అరచేతిలో వేసుకుని నాకు కూడా చూపించింది. కిటికీ దగ్గరకే తెచ్చి, "ఇది అక్కా దొంగ" అని నవ్వింది. నేను "ఊఁ" అన్నాను.

కొత్త చక్రం ఎక్కడినుంచో తెప్పించింది. అది వచ్చేదాకా కారు మూత లేకుండా, వైర్లు వేలాడుతూ పంచలో ఉంది. ఒకరోజు మా మరిది వేళాకోళం చేశాడు. "ఎట్లాగూ విప్పినావు కదా, అంకెలు వెనక్కి తిప్పేయ్. కొత్త బండి అయిపోతాది." నవ్వుతూనే అన్నాడు గానీ ఆమె ముఖం మారిపోయింది. "మా నాయన తిరిగిందంతా దాంట్లో ఉండాది. ఒక్క అంకె కూడా ముట్టుకోను," అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు మా అత్తమ్మ కొడుకును తిట్టింది. నా తరఫున ఆమె కొడుకులను ఎప్పుడైనా తిట్టిందా అని గుర్తు చేసుకోబోయాను. గుర్తు రాలేదు.

చక్రం వచ్చిన రోజు అంతా బిగించింది. ముల్లు గుర్తు చూసుకుని పెట్టింది. మూత వేసి, బ్యాటరీ వైరు తగిలించి, రైల్వే స్టేషను దాకా పోయి వచ్చింది. దిగేటప్పుడు ముఖం చూస్తేనే తెలిసింది. అంకె కదల్లేదు.

నాకు సంతోషమేసింది. అది దాచడం కోసం లేచి టీ పెట్టడానికి వెళ్ళాను. టీ పెడుతూ కూనిరాగం కూడా తీశాను. ఎంతలా అంటే మా ఆయన వంటింట్లోకి తొంగి చూసి "ఏంది విశేషం?" అన్నాడు.

టీ గ్లాసు పట్టుకుని ఆమె నా దగ్గరకే వచ్చింది. మిషను పక్కన నేల మీద కూర్చుంది.

"అక్కా, రేపు నాతో రావల్ల. తోలేటప్పుడు నేను మీటరు చూడలేను. రోడ్డు చూడల్ల. చివర తెల్ల చక్రం ఉండాది చూడు, అది అసలే తిరగడంలేదా, తిరగబోయి జారతాందా తెలిస్తే నాకు సాలు. పక్కన ఎవురన్నా కూర్చుని దాన్నే సూస్తాండల్ల. ఎమ్మిగనూరు దాకా పోదాం. మీ అమ్మను కూడా సూసినట్ల ఉంటాది."

మా ఆయన ఎత్తు మనిషి, పక్కకు వంగితే మెడ పట్టేస్తుంది. అత్తమ్మకు దగ్గరి చూపు ఆనదు. మరిదికి ఆఫీసు మీటింగు. అంటే మిగిలింది నేను. ఆ సంగతి నాకు అర్థమైంది. అయినా ఈసారి పప్పు గురించి చెప్పలేదు.

మరునాడు పొద్దున నేను ఆ రెండో సీట్లో కూర్చున్నాను. మంచి చీర కట్టుకున్నాను. మా అత్తమ్మ గడపలో నిలబడి, "కొంగు జాగ్రత్త, గాలికి పోతాది," అంది. అనుభవం ఉన్నదానిలా.

ఊరు దాటాక ఆమె వేగం పెంచింది. టాపు తీసేసి ఉంది. గాలి చెవుల్లో హోరుమంటోంది. ఎన్నో ఏళ్ళుగా బస్సులో పోయిన రోడ్డే. కానీ ఇంత కింద కూర్చుని, ఆకాశమంతా నెత్తి మీద పెట్టుకుని ఎప్పుడూ పోలేదు. పోలేదు అనుకుంటున్నానే గానీ, చూసిందేమీ లేదు. నా పని మీటరు చూడటం. మెడ పక్కకు వంచి, స్టీరింగు సందులోంచి, ఆ తెల్ల అంకెనే చూస్తున్నాను. పక్కన లారీ డ్రైవర్లు హారను కొట్టి చేతులూపారట. బడిపిల్లలు కేకలు వేశారట. ఆమె నవ్వుతూ చెబుతుంటే విన్నాను.

"రాయి దాటినాం అక్కా. తిరిగిందా?"

"వణుకుతాంది. తిరగలే."

"వణుకుతాందా? కచ్చితంగా?"

"పైకి లేస్తాది, మళ్ళా కిందికి జారతాది. నా కండ్లు బాగుండాయిలే."

ఆమె స్టీరింగు మీద చేత్తో కొట్టింది. "అయితే చక్రం బాగానే ఉండాది. ఇరుసు మీద జారతాంది. ఇరుసు అరిగిపోయింటాది."

ఎమ్మిగనూరులో మా అమ్మ ఇంటి ముందు కారు ఆగేసరికి వీధిలో మగ్గాల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది. అందరూ బయటికి వచ్చారు. నాకు, నిజం చెబుతున్నాను, ఆ క్షణం గొప్పగా అనిపించింది. మా వీధిలో, నేను పుట్టి పెరిగిన వీధిలో, ఆ కారు తలుపు తీసుకుని దిగింది నేను. ఆ గొప్ప ఎంతోసేపు నిలవలేదు. డ్రైవరు వైపు తలుపు తెరుచుకోగానే అందరి కళ్ళూ అటు తిరిగాయి.

"ఆడపిల్లే తోలుకోనొచ్చిందంటనే!"

మా అమ్మ కూడా నన్ను దాటుకుని పోయి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఎండన పడి వచ్చినావే తల్లీ. మొగమంతా కందిపోయింది. రా, లోపలికి రా." నా ముఖం కందలేదా? నేను డిక్కీలో వచ్చానా?

లోపల మజ్జిగ ఇచ్చింది. ఫ్యాను ఆమె వైపు తిప్పింది. మగ్గం గుంటలో కూర్చోబెట్టి, పోగుల మధ్య అటూ ఇటూ నాడె ఎలా వేయాలో చూపించింది. ఆ పిల్ల ఒకటికి రెండుసార్లు పోగు తెంపినా, "మొదట్లో అందరికీ అంతే" అని నవ్వింది. నేను పోగు తెంపితే వేళ్ళ మీద కొట్టేది. తరువాత పెట్టె తీసి, ఈ మధ్యే మగ్గం నుంచి కోసిన ఉల్లిపొర రంగు చీర తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది.

నేను ఇక ఆగలేకపోయాను. వంటింట్లోకి పోయాక అమ్మను అడిగేశాను.

"నాకు ఎప్పుడన్నా ఇట్ల తీసి పెట్టినావామ్మా?"

మా అమ్మ వింతగా చూసింది. "నీకేమే? ఇల్లు నీది. పెట్టె నీది. కావల్లంటే తీసుకోకుండా నన్ను అడుగుతావేంది?"

"తీసుకోమని ఎప్పుడు అన్నావు?"

"తీసుకుంటానని నువ్వు ఎప్పుడు అంటివి? నోరు తెరిస్తే కదా తెలిసేది. చిన్నప్పటినుంచీ అంతే. ఆకలయినా చెప్పవు, మూల కూర్చుని మొగం ముడుచుకుంటావు."

గిన్నెలు అటూ ఇటూ జరిపి బయటికి వచ్చాను.

అప్పటికే ఆమె కారులోంచి మీటరు డబ్బా ఊడదీసి తెచ్చి, మగ్గం పక్కన నేల మీద దుప్పటి పరిచి కూర్చుంది. ఆ గదికి వెలుతురు బాగా వస్తుంది. చక్రం ఇరుసు మీద వదులుగా తిరుగుతోంది. పట్టుకుని చూపించింది. "గమ్ము ఒక్కటే వేస్తే మళ్ళా ఊడిపోతాది అక్కా. సందులో ఏమన్నా పెట్టల్ల. మా నాయనయితే పల్చటి రేకు చుట్టేవాడు. ఈడ రేకు యాడ దొరుకుతాది?"

నేను ఆమెకు ఎదురుగా కూర్చున్నాను. చిన్నప్పుడు బడికి పోయే ముందు కండెలకు నూలు చుట్టడం నా పని. రాట్నం కదురు మీద కండె వదులైతే, కదురుకు నాలుగు చుట్లు నూలు చుట్టి దాని మీద కండెను నొక్కేవాళ్ళం. ఇక కదిలేది కాదు.

"దారం చుట్టు," అన్నాను.

"దారమా?"

"పట్టుపోగు. సన్నగా ఉంటాది, తెగదు. చుట్టి, గమ్ము తాకిచ్చి, దాని మీద చక్రం నొక్కు."

ఇరుసును వేళ్ళ మధ్య తిప్పి చూసింది. "సరిపోతాది. సరిపోతాదక్కా! కానీ నా చేతిలో పోగు తెగుతాది. నువ్వు చుట్టు."

నేనే చుట్టాను. మగ్గం కింద పడి ఉన్న పోగుల్లోంచి ఒకటి తీసుకుని, తడి చేసి, పక్కపక్కనే, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా చుట్టాను. ఆమె అగ్గిపుల్ల మొనతో గమ్ము తాకించింది. పక్కనున్న చక్రాల మీద పడకుండా కాగితం అడ్డం పెట్టింది. ఇద్దరి తలలూ దాదాపు తగులుతున్నాయి. చక్రం ఎక్కించి, గట్టిగా నొక్కి పట్టుకుంది. ఆరేదాకా నేను దాని మీద ఊదుతూ కూర్చున్నాను. ఆ కాసేపు నాకు ఆమె మీద ఏ మంటా లేదు. అసలు ఆ సంగతే గుర్తు రాలేదు.

మీటరు మళ్ళీ కారులో బిగించి, తిరుగు ప్రయాణానికి ముందు గోనెగండ్ల రోడ్డు మీద పరీక్షించాం. నేను మళ్ళీ మెడ వంచుకున్నాను. తెల్ల అంకె వణికింది. మెల్లగా పైకి లేచింది. జారలేదు. సగం ఒక అంకె, సగం ఇంకో అంకె కనబడింది. తరువాత కొత్త అంకె నిండుగా వచ్చి కూర్చుంది.

"తిరిగింది!" అని అరిచాను.

ఆమె కూడా అరిచింది. రోడ్డు పక్కన మేకలు తోలుకుపోతున్న ముసలాయన ఉలిక్కిపడి మా వైపు చూసి ఏదో తిట్టాడు. వెనక్కి తిరిగి ఆదోని వచ్చేదాకా ప్రతి రాయి దగ్గరా నేను అంకె చదివాను, ఆమె ఫోనులో దారి కొలతతో సరిచూసుకుంది. సరిపోయింది.

ఇంటి ముందు ఆగేసరికి మా అత్తమ్మ పంచలోనే ఉంది.

"అయిందా పాపా?"

"అయింది అత్తమ్మా! అంతా అక్కే. అక్కే ఉపాయం చెప్పి, అక్కే దారం చుట్టింది. నేను ఊరికే పట్టుకుని కూర్చున్నా."

మా అత్తమ్మ నా వైపు చూసింది. చూసి, మళ్ళీ ఆమె వైపు తిరిగింది. "అంత కష్టపడినావు, మొగం సూడు ఎట్ల పీక్కపోయిందో. పోయి నీళ్ళు పోసుకో. రేపు పొద్దున నన్ను మంత్రాలయం తీసుకపో. మీటరు బాగయింది కదా, దేవుడికి మొక్కొద్దాం."

అంతే. నా గురించి ఒక్క మాట లేదు. చీర కొంగుకు గమ్ము అంటుకుని ఉంది. వేళ్ళ చివర్లు బిరుసెక్కి ఉన్నాయి. ఆ క్షణంలో ఎలా వచ్చిందో నోట్లోంచి మాట వచ్చేసింది.

"రేపు కాదత్తమ్మా. రేపు నేను పోతాండా."

"నువ్వా? ఏడికి?"

ఏడికో నాకే తెలియదు. "మాధవరం దిక్కు. ఏటి గట్టున. పొద్దున ఇంత సేపు మీటరే సూసినా. రోడ్డు సూడలే. రేపు రోడ్డు సూస్తా."

తోడికోడలు నా వైపు ఆశ్చర్యంగా చూసింది. తరువాత గట్టిగా నవ్వింది. "కరెక్టే కదా! పోదాం అక్కా. అత్తమ్మా, నిన్ను గురువారం తీసుకపోతా."

మా అత్తమ్మ ముఖం చూశాను. మూతి ఒక పక్కకు పోయింది. కళ్ళు చిన్నవయ్యాయి. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఇన్ని వారాలుగా అద్దంలో బొట్టు పెట్టుకునేటప్పుడు అలాంటి ముఖాన్నే చూశాను.

మరునాడు పోయాం. తుంగభద్ర ఎండిపోయి ఇసుక మేటలు తేలి ఉంది. మధ్యలో అక్కడక్కడ నీళ్ళ మడుగులు, బట్టలు ఉతికేవాళ్ళు. దారిలో వరి మళ్ళు, మిరప చేలు, బోరు బావుల దగ్గర పచ్చగడ్డి, అన్నీ చూశాను. లారీవాళ్ళు చేతులూపితే నేనూ ఊపాను. గట్టు మీద చింతచెట్టు కింద కారు ఆపి, తెచ్చుకున్న జొన్నరొట్టె, శనక్కాయ పొడి తిన్నాం. ఆమె వాళ్ళ నాయన గురించి చాలా చెప్పింది. నేను మా నాయన గురించి కొంచెం చెప్పాను. మనసులో ఉన్న అసలు మాట మాత్రం చెప్పలేదు. ఇప్పటికీ ఆమెకు తెలియదు.

ఇంటికి వచ్చాక రెండు రోజులు మా అత్తమ్మ నాతో సరిగా మాట్లాడలేదు. అన్నం పెడితే తినేది, మంచినీళ్ళు తానే ముంచుకునేది. నాకు బాధ వేయాలి. వేయలేదు. వంట చేస్తూ మళ్ళీ కూనిరాగం తీశాను.

గురువారం పొద్దున్నే అత్తమ్మ తలంటుకుని, కొత్త చీర కట్టుకుని, పూలు పెట్టుకుని కారెక్కింది. ఈసారి చెయ్యి పట్టుకోమని కూడా అడగలేదు. గేటు దాటుతుండగా తల వెనక్కి తిప్పి, నేను కిటికీలో ఉన్నానో లేదో చూసుకుంది. ఉన్నాను. ఆమె ఏదో చెబుతోంది, ఆ పిల్ల నవ్వుతోంది. వీధి మలుపు తిరిగేదాకా ఆ నవ్వు వినిపించింది.

నేను మిషను ముందు కూర్చుని ఎదురింటి ఆమె జాకెట్టుకు చేతులు అతికించాను. కుడిచెయ్యి ఎడమ పక్క, ఎడమచెయ్యి కుడి పక్క కుట్టేశాను. మొత్తం విప్పి మళ్ళీ కుట్టాల్సి వచ్చింది.